గుండె ముందా, నాడి ముందా?

మూడు రోజులుగా కోడి పొదుగుతున్న గ్రుడ్డు నొకదాన్ని తీసికొని, చీకటిగదిలో దీపానికి అడ్డంగా పట్టి చూస్తే, పెంకు లోపల సాలెగూడు వంటి ఎర్రని అల్లిక కనిపిస్తుంది. అవి రక్తనాళాలు. ఆ అల్లిక నడుమ చిన్న చుక్క ఒకటి అదురుతూ ఉంటుంది. అదే పుట్టబోయే పిల్ల గుండె. అప్పటికి ఆ పిల్లకు ముక్కు లేదు, ఈకలు లేవు. మెదడు ఇంకా కొన్ని ఉబ్బులు గల మెత్తని గొట్టం మాత్రమే. ఆ గొట్టం నుండి బయలుదేరిన నాడి ఏదీ గుండెను చేరి పనికి పూనుకోలేదు. అయినా గుండె అంతకు ఒకటిన్నర రోజు ముందునుండే కొట్టుకొంటూ ఉన్నది.

మరి ఆ గుండెను కొట్టుకొమ్మని ఆజ్ఞాపించినవారెవరు? చూడబోతే చిన్న ప్రశ్నే. కాని దీనికి సరియైన సమాధానం దొరకటానికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ సమాధానం పండితుల వాదాలతో నిలిచిపోలేదు. నేడు కాన్పుగదిలో తల్లి పొట్టపై చెవిపెట్టి బిడ్డ క్షేమాన్ని తెలిసికొనే నర్సుకు కూడా అదే ఆధారం.

కథలోకి పోయేముందు ఒక మాట. తెలుగులో 'నాడి' అనే పదానికి రెండర్థాలున్నాయి. వైద్యుడు మణికట్టు పట్టుకొని 'నాడి ఆడుతున్నది' అన్నప్పుడు అది గుండె దెబ్బ. శరీరశాస్త్రంలో నాడి అంటే మెదడు నుండి, వెన్నుపాము నుండి బయలుదేరి అవయవాలకు వార్తలు మోసికొనిపోయే సన్నని తంతువుల కట్ట. ఇక్కడ ఈ పదాన్ని రెండవ అర్థంలోనే వాడటం జరిగింది. మొదటి నాడికీ రెండవ నాడికీ గల సంబంధమే ఈ కథ.

ఎగిరిపడే చుక్క

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ వేరువేరు రోజుల గ్రుడ్లలో పిల్ల ఎట్లు తయారౌతుందో వర్ణించాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు గడిచేసరికి తెల్లసొనలో రక్తపు చుక్కవలె గుండె కనబడుతుందనీ, అది ప్రాణమున్నదానివలె కదలాడుతుందనీ వ్రాశాడు. తరువాతి కాలపు ఐరోపా పండితులు దీనికి 'ఎగిరిపడే చుక్క' అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. ప్రాణానికి, తెలివికి కూడా గుండే స్థానమని అరిస్టాటిల్ నమ్మకం. మెదడు శరీరాన్ని చల్లబరిచే అవయవం మాత్రమేనని ఆయన అనుకొన్నాడు. నాడులను గురించి ఆయనకు తెలియదు. కనుక గుండెను నడిపేది ఎవరన్న ప్రశ్న ఆయనకు తోచనే లేదు.

ఆయన తరువాత కొద్దికాలానికి అలెగ్జాండ్రియా నగరంలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి పరీక్షించి, నాడులు వేరు, రక్తనాళాలు వేరు అని తేల్చాడు. అవి మెదడుకు, వెన్నుపాముకు చెందినవని తెలియటంతో ప్రశ్న పుట్టింది. చేయి కదలాలంటే నాడి కావాలి గదా, గుండెకు అక్కరలేదా?

క్రీ. శ. 2వ శతాబ్దంలో రోము నగరంలో వైద్యం చేసిన గేలెన్ దీనికి మొదటి సమాధానం చెప్పాడు. జంతువు దేహం నుండి గుండెను కోసి బయటికి తీసినా అది కొంతసేపు కొట్టుకొంటూనే ఉంటుందని ఆయన గమనించాడు. నాడులన్నీ తెగిపోయినా ఆగలేదంటే, కొట్టుకొనే శక్తి గుండెలోనే ఉన్నదన్న మాట.

1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణను గురించి తన ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. అందులో కోడిగ్రుడ్డును గురించి కూడా వ్రాశాడు. నాలుగైదు రోజులు పొదిగిన గ్రుడ్డు పెంకు ఒలిచి, గోరువెచ్చని నీటిలో ఉంచి చూస్తే, పలుచని మబ్బు వంటి పిండం నడుమ ఎర్రని చుక్క కనబడుతుంది. గుండె ముడుచుకొన్నప్పుడు అది మాయమవుతుంది. సడలినప్పుడు సూదిమొన అంత ఎరుపు మరల తోస్తుంది. సూక్ష్మదర్శిని వైద్యుల చేతికి ఇంకా సరిగా రాని రోజులలో హార్వే కంటితో చూచిన దృశ్యమిది. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ వేటాడిన ఆడ లేళ్ళ గర్భాలను కూడా ఆయన కోసి పరిశీలించాడు. 1651లో ఆ పరిశీలనలను మరొక గ్రంథంగా ప్రకటించాడు.

రెండు పక్షాలు

18వ శతాబ్దంలో వివాదం ముదిరింది. స్విట్జర్లండు దేశస్థుడైన ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్ జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ముట్టుకొంటే ముడుచుకొనే గుణం కండరంలోనే సహజంగా ఉన్నదని 1752లో ఆయన ఉపన్యసించాడు. అన్ని కండరాలలో ఈ గుణం ఎక్కువగా గలది గుండె. లోనికి ప్రవేశించిన రక్తమే దాన్ని తట్టిలేపుతుంది, నాడుల ఆజ్ఞ అవసరం లేదు.

దీనికి ఎదురుపక్షం ఫ్రాన్సులో తలెత్తింది. 1812లో లెగల్వా అనే వైద్యుడు కుందేళ్ళ వెన్నుపామును ధ్వంసం చేసి చూచాడు. రక్తప్రసరణ ఆగిపోయింది. కనుక గుండెకు బలమిచ్చేది వెన్నుపామే అని నిర్ణయించాడు. మూడేళ్ళ తరువాత, 1815లో, విల్సన్ ఫిలిప్ అనే బ్రిటిష్ వైద్యుడు అదే ప్రయోగాన్ని నెమ్మదిగా, జాగ్రత్తగా చేశాడు. మెదడు, వెన్నుపాము పోయినా గుండె కొట్టుకొంటూనే ఉన్నది. ఒకే ప్రయోగం, రెండు ఫలితాలు. చేసే చేతి నేర్పునుబట్టి ఫలితం మారుతున్నప్పుడు తీర్పు చెప్పేదెట్లు?

1845లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అందులో వెబర్ సోదరులు, ఎర్నెస్ట్, ఎడ్వర్డ్ అనేవారు, వింతైన ప్రయోగాన్ని వెల్లడించారు. మెదడు అడుగుభాగాన ఉన్న మజ్జాముఖం నుండి బయలుదేరి గుండెకు, జీర్ణాశయానికి, ఇంకా అనేక అవయవాలకు పోయే నాడి ఒకటి ఉన్నది. దాని పేరు వేగస్, అంటే లాటిన్‌లో 'తిరుగాడునది'. కప్పలో ఈ నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె వేగం పెరుగుతుందని ఎవరైనా అనుకొంటారు. కాని గుండె నెమ్మదించి, చివరకు ఆగిపోయింది! ప్రేరణ మానగానే మరల మొదలైంది. నాడి పని కండరాన్ని కదిలించటమే అని నమ్మినవారికి ఇది మింగుడుపడలేదు. పని ఆపించే నాడి ఉండటం అప్పటివరకు వినని సంగతి. 1860 తరువాతి సంవత్సరాలలో జర్మనీలో ఫాన్ బెజోల్డ్, ఆ వెంటనే సియోన్ సోదరులు వెన్నుపాము వైపునుండి వచ్చే మరికొన్ని నాడులను పరీక్షించి, అవి గుండె వేగాన్ని పెంచుతాయని కనుగొన్నారు.

ఎద్దుల బండి నడిపేవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. నిలువరించటానికి పగ్గం, తొందరపెట్టటానికి ములుకోల. వేగస్ పగ్గం, రెండవ జాతి నాడులు ములుకోల. వీటిని శాస్త్రంలో వరుసగా సహానుభూత పర నాడులు, సహానుభూత నాడులు అంటారు. మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా పనిచేసే స్వయంచోదిత నాడీవ్యవస్థలో ఇవి రెండు భాగాలు.

సరే, పగ్గమూ ములుకోలా దొరికాయి. కాని ఎద్దు తనంతట తాను నడుస్తుందా, లేదా అన్నది తేలలేదు. పైగా 1844లో రాబర్ట్ రెమాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గుండె గోడలలోనే నాడీకణాల గుంపులను కనుగొన్నాడు. వీటిని నాడీసంధులు అంటారు. దీనితో నాడీపక్షంవారికి బలం వచ్చింది. కోసి బయటికి తీసిన గుండె ఎందుకు కొట్టుకొంటున్నది? దాని లోపల చిన్న చిన్న 'మెదళ్ళు' ఉన్నాయి గనుక! గేలెన్ నాటి సాక్ష్యం ఒక్కసారిగా చెల్లకుండా పోయింది. ఆ తరువాత సుమారు 40 ఏళ్ళు ఈ పక్షానిదే పైచేయి.

కేంబ్రిడ్జిలో వాల్టర్ గాస్కెల్ ఈ అభిప్రాయాన్ని ఎదిరించాడు. ఆయన ఎంచుకొన్న జంతువు తాబేలు. దాని గుండె నింపాదిగా కొట్టుకొంటుంది, చాలాసేపు బ్రతికి ఉంటుంది. గుండె కండరంలో ఒక పేలికను కత్తిరించి వేరుచేసినా, అది లయబద్ధంగా ముడుచుకోగలదని ఆయన చూపాడు. కదలిక ఒక గదినుండి మరొక గదికి ప్రాకటానికి కూడా కండరపు వంతెన చాలునని 1883లో ప్రకటించిన వ్యాసంలో వాదించాడు. కాని ప్రతిపక్షంవారు ఒప్పుకోలేదు. ఆ పేలికలో కంటికి కనబడని నాడీకణం ఒక్కటి కూడా లేదని నమ్మకమేమిటి? పెరిగిన జంతువు గుండెలో కండరమూ నాడీ కలిసిపోయి ఉంటాయి. వాటిని పూర్తిగా విడదీయగల కత్తి లేదు.

పిండం చెప్పిన తీర్పు

కత్తి చేయలేని పనిని కాలం చేయగలదని గ్రహించినవాడు లైప్‌జిగ్ నగరానికి చెందిన యువవైద్యుడు విల్‌హెల్మ్ హిస్. ఆయన తండ్రి పేరు కూడా విల్‌హెల్మ్ హిస్సే. తండ్రి పిండశాస్త్రంలో దిట్ట. పిండాన్ని అతి పలుచని పొరలుగా కోసి, ఆ పొరలనుబట్టి పూర్తి ఆకారాన్ని తిరిగి నిర్మించే పద్ధతిని పెంపొందించినవాడు. ప్రతి నాడీతంతువూ ఒక నాడీకణం నుండి మొలకవలె పెరుగుతూ గమ్యం చేరుతుందని చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు.

కుమారుడి ఆలోచన ఇది. నాడులు మొలకలవలె పెరుగుతూ వచ్చేవైతే, అవి గుండెను చేరని రోజు ఒకటి ఉండితీరాలి. ఆ రోజున గుండె కొట్టుకొంటున్నదా, లేదా? కొట్టుకొంటూంటే వివాదం ముగిసినట్లే. వెన్నెముక గల వివిధ జంతువుల పిండాలను వయసుల వరుసలో పరీక్షించి, గుండెనాడులు ఎప్పుడు, ఎక్కడినుండి వస్తున్నాయో 1891లో ఆయన ప్రకటించాడు. గుండెలోని నాడీసంధులు గుండెలో పుట్టినవి కావు. బయటినుండి వలస వచ్చినవి. అవి వచ్చేసరికి గుండె చాలాకాలంగా కొట్టుకొంటూనే ఉన్నది. పిండంలో గుండె చేసే పని పెద్దవారి గుండెను గురించి ఏమి చెబుతుందో 1893లో మరొక వ్యాసంలో వివరించాడు. కర్ణికల నుండి జఠరికలకు ప్రేరణను చేరవేసే కండరపు కట్టను వర్ణించింది కూడా ఆ సంవత్సరమే. దాన్ని నేటికీ 'హిస్ కట్ట' అనే అంటారు.

తరువాతి సాక్ష్యాలు ఒకటొకటిగా వచ్చాయి. 1907లో ఆర్థర్ కీత్, ఆయన శిష్యుడు మార్టిన్ ఫ్లాక్ గుండె లయకు మూలస్థానమైన సిరాకర్ణికా కణుపును వర్ణించారు. అది మార్పుచెందిన కండరమే. ఫ్లాక్ దాన్ని మొదట చూచినది మోల్ అనే చిన్న జంతువు గుండెలో. 1912లో అమెరికాలో మాంట్రోజ్ బరోస్ కోడిపిండపు గుండె ముక్కను గాజుపలకపై పోషకద్రవంలో పెంచాడు. దానినుండి విడివడిన ఒంటరి కండరకణం కూడా లయబద్ధంగా ముడుచుకొంటూ ఉండటం సూక్ష్మదర్శినిలో చూచాడు. ఒక్క కణం! దాని చుట్టుప్రక్కల నాడి లేదు, మెదడు లేదు, రక్తం లేదు. 1981లో జపానులో కామినో, ఆయన సహచరులు విద్యుత్తుకు స్పందించే రంగులను వాడి ఇంకొక అడుగు వెనుకకు వెళ్ళారు. కోడిపిండంలో గుండె కొట్టుకోవటం మొదలుపెట్టక ముందే, అందులో లయబద్ధమైన విద్యుత్ స్పందన ఉన్నట్లు వారు చూపారు.

అయితే లోకంలో గుండెలన్నీ ఈ తీరున ఉండవు. తేళ్ళకు, సాలెపురుగులకు దూరపు చుట్టమై, రాచపీత అని పేరుపొందిన లిమ్యులస్ సముద్రజీవి ఒకటి ఉన్నది. దాని గుండెపై ఉన్న నాడీసంధిని తొలగిస్తే గుండె ఆగిపోతుందని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలో కార్ల్‌సన్ చూపాడు. ఇది నిజంగా నాడి నడిపే గుండె. నాడీపక్షంవారికి ఇక్కడైనా జయం దక్కిందనుకోవచ్చు. కాని 1908లో కార్ల్‌సన్, మీక్ కలిసి అదే జంతువు పిండాన్ని పరీక్షిస్తే, అక్కడ కూడా నాడి ఏర్పడటానికి ముందే గుండె కొట్టుకోసాగింది! పెద్దయిన తరువాత నాడికి లొంగిపోయే గుండె కూడా, మొదట తనంతట తానే నడక నేర్చుకొంటుంది.

వలస వచ్చిన కణాలు

గుండె తనంతట తాను కొట్టుకొంటుందని తేలింది. ఇక రెండవ ప్రశ్న. వలస వచ్చిన ఆ నాడీకణాల పుట్టినిల్లు ఏది?

పిండం వీపుమీద నాడీగొట్టం మూసుకొనే వేళ, దాని రెండు అంచులు కలిసేచోట కొన్ని కణాలు విడివడి దేహమంతటా ప్రయాణిస్తాయి. ఈ కణాల వరుసకు నాడీశిఖరం అని పేరు. గుంపులో కలిసిపోయిన కణం ఎటుపోయిందో గుర్తుపట్టటం ఎట్లు? ఫ్రాన్సులో నికోల్ ల దువారెన్ అనే శాస్త్రజ్ఞురాలు 1969లో దీనికి చక్కని ఉపాయం కనిపెట్టింది. కముజుపిట్ట జాతికి చెందిన ఒక పక్షి కణాలలోని కేంద్రకాన్ని రంగువేసి చూస్తే, అది కోడి కేంద్రకం కంటె స్పష్టంగా వేరుగా కనబడుతుంది. ఆ పక్షి పిండం నుండి నాడీశిఖరపు ముక్క తీసి కోడిపిండంలో అతికిస్తే, ఆ కణాలు ఎక్కడికి పోయినా పట్టుబడతాయి. ఈ పద్ధతితో నాడీశిఖర కణాల దారులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సహానుభూత నాడీసంధులు మొండెం భాగపు నాడీశిఖరం నుండి వస్తాయి. గుండెలోని సహానుభూత పర నాడీసంధులు తలకు వెనుకభాగాన ఉన్న నాడీశిఖరం నుండి వస్తాయి.

1983లో అమెరికాలో మార్గరెట్ కర్బీ, ఆమె సహచరులు కోడిపిండంలో ఈ వెనుకతల నాడీశిఖరాన్ని తొలగించి చూచారు. గుండెనాడులలో లోపం వస్తుందని ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది మరొకటి జరిగింది. గుండెనుండి బయలుదేరే రెండు మహాధమనులను, అంటే ఊపిరితిత్తులకు పోయేదాన్నీ దేహానికి పోయేదాన్నీ, విడదీసే గోడ ఏర్పడలేదు. గుండెకు నాడులనిచ్చే కణాల సోదరులే ఆ గోడను కూడా కడతాయని ఇట్లు తెలిసింది. పుట్టుకతోనే కొందరు బిడ్డలలో కనబడే కొన్ని గుండెజబ్బులకు మూలం ఎక్కడ వెదకాలో దీనితో దారి దొరికింది.

వలసవచ్చిన సహానుభూత నాడి గుండెలోపలికి ఎట్లు దారి తెలిసికొంటుంది? దీనికి సమాధానం రీటా లెవీ మోంటాల్చీనీ పరిశోధనలో ఉన్నది. 1938లో ఇటలీ ప్రభుత్వం యూదులపై విధించిన చట్టాలవల్ల ఆమెకు విశ్వవిద్యాలయంలో చోటులేకుండా పోయింది. ట్యూరిన్ నగరంలో తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాల ఏర్పరచుకొని, కోడిగ్రుడ్లతో నాడుల పెరుగుదలను పరిశీలించింది. యుద్ధం ముగిసిన తరువాత అమెరికా వెళ్ళి, నాడులను పెంచే పదార్థం ఒకటున్నదని 1950 తరువాతి సంవత్సరాలలో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నిరూపించింది. 1986లో వారిద్దరికీ నోబెల్ బహుమానం లభించింది. పెరుగుతున్న గుండె ఈ పదార్థాన్ని తయారుచేసి, సహానుభూత నాడీతంతువులను తనవైపు రప్పించుకొంటుంది. తన పగ్గాలను తానే పిలిచి కట్టించుకొనే ఎద్దును ఎవరూ చూచి ఉండరు. గుండె చేసేది మాత్రం అదే.

ముందు పగ్గం, తరువాత ములుకోల

నాడి గుండెతో ఏ భాషలో మాట్లాడుతుంది? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవీ కప్పగుండెపై చేసిన ప్రయోగం దీన్ని తేల్చింది. ఈ ప్రయోగం తనకు అర్ధరాత్రి నిద్రలో తోచిందని ఆయన చెప్పుకొన్నాడు. ఒక గుండె వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని మరొక గుండెకు అందించాడు. నాడి ముట్టని రెండవ గుండె కూడా నెమ్మదించింది. అంటే వేగస్ నాడి ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది అసిటైల్‌కోలిన్ అని తరువాత తెలిసింది. సహానుభూత నాడులు విడిచే రసాయనం వేరు. అది అడ్రినలిన్‌కు దగ్గర చుట్టమైన నార్అడ్రినలిన్.

ఈ రసాయనాలను పిండపు గుండెకు తగిలించి చూస్తే మరొక సంగతి బయటపడింది. నాడులు చేరకముందే గుండె వాటికి స్పందిస్తుంది. ఉత్తరం తెచ్చేవాడు రాకముందే చదువు నేర్చుకొని సిద్ధంగా ఉన్నదన్న మాట. కాని నాడి చేరటం వేరు, పనిలో దిగటం వేరు. 1970 తరువాతి సంవత్సరాలలో పప్పానో, లోఫెల్‌హోల్జ్ కోడిపిండంలో దీన్ని రోజులవారీగా పరీక్షించారు. గ్రుడ్డునుండి పిల్ల బయటికి రావటానికి 21 రోజులు పడుతుంది. వేగస్ వైపు నాడుల ఆజ్ఞ గుండెకు అందటం 12వ రోజు ప్రాంతంలో మొదలవుతుంది. సహానుభూత నాడుల ఆజ్ఞ పిల్ల బయటికి వచ్చే సమయానికి గాని అందదు. ముందు పగ్గం, తరువాత ములుకోల. వేగం పెంచే నాడులు ఆలస్యంగా రావటం పాలిచ్చే జంతువులలో కూడా కనబడుతుంది. ఎలుకపిల్లలలో ఆ నాడుల అల్లిక పుట్టిన తరువాత కొన్ని వారాలకు గాని పూర్తికాదు.

తల్లి కడుపులో

మానవశిశువు సంగతి చూద్దాం. 1818లో జెనీవా నగరపు వైద్యుడు మేయర్ తల్లి పొట్టపై చెవిపెట్టి, బిడ్డ గుండెచప్పుడు వినవచ్చునని తెలియజేశాడు. 1821లో పారిస్‌లో కెర్గరాడెక్, లెనెక్ క్రొత్తగా కనిపెట్టిన స్టెతస్కోపుతో దాన్ని విని వివరించాడు. తల్లి నాడితో పోలిస్తే ఆ చప్పుడు సుమారు రెట్టింపు వేగంగా ఉంటుంది. అది నిమిషానికి ఎన్నిసార్లు, ఎప్పుడు మారుతుంది అనేదానినిబట్టి బిడ్డ క్షేమాన్ని ఊహించవచ్చునని ఆనాడే ఆశ పుట్టింది.

వినటం సులభమే. విన్నదానికి అర్థం చెప్పటమే కష్టం. అందుకు మార్గం చూపినది గొర్రెపిల్ల. కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ చూలుగొర్రెకు మత్తిచ్చి, వెచ్చని ఉప్పునీటి తొట్టిలో గర్భాన్ని తెరచి, బొడ్డుత్రాడు తెగకుండా లోపలి పిల్లను పరీక్షించాడు. మూడువందల ఏళ్ళ క్రితం హార్వే గోరువెచ్చని నీటిలో ఉంచిన కోడిగ్రుడ్డు ఇక్కడ గుర్తుకు వస్తుంది. గొర్రెకు గర్భకాలం సుమారు 147 రోజులు. నెలలు నిండేకొద్దీ పిల్ల రక్తపుపోటు పెరుగుతుందనీ, గుండె వేగం తగ్గుతుందనీ 1945లో బార్‌క్రాఫ్ట్, బారన్ ప్రకటించారు. నాడుల పట్టు బిగుస్తున్నకొద్దీ గుండె నెమ్మదిస్తున్నది.

మానవపిండంలో గుండె ఫలదీకరణ జరిగిన సుమారు 22వ రోజున కొట్టుకోవటం మొదలవుతుంది. నాడులు దాన్ని చేరటం ఐదు, ఆరు వారాల ప్రాంతంలో. 1973లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో రాబిన్‌సన్, షాడన్ అతిధ్వని తరంగాల సహాయంతో తొలినెలల పిండాల గుండెవేగాన్ని కొలిచారు. కడపటి ముట్టు నుండి లెక్కిస్తే, ఆరవ వారం దాటిన తరువాత నిమిషానికి సుమారు 120గా ఉన్న వేగం తొమ్మిదవ వారానికి 170 దాటింది. ఆ తరువాత దిగివచ్చి, పదునైదవ వారానికి 150కు లోపే నిలిచింది. మొదటి పెరుగుదల గుండె సొంత ఎదుగుదల. తరువాతి తగ్గుదలలో వేగస్ నాడికి కూడా వంతు ఉన్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదే సంవత్సరం ఉరుగ్వే దేశంలో కాల్దేరో బార్సియా, షిఫెర్లీ వేగస్ ప్రభావాన్ని అడ్డగించే అట్రోపిన్ మందుతో ప్రయోగించారు. మందు ఇచ్చినప్పుడు బిడ్డ గుండెవేగం పెరిగింది. గర్భం ముదిరినకొద్దీ ఆ పెరుగుదల ఎక్కువగా ఉన్నది. పగ్గం వదిలితే ఎద్దు ఎంత దూకిందో చూచి, పగ్గం ఎంత బిగువుగా ఉన్నదో తెలిసికొన్నట్లు.

చివరి నెలలలో ములుకోల కూడా పనిచేస్తుంది. బిడ్డ కదిలినప్పుడు గుండెవేగం పెరిగి, మరల తగ్గుతుంది. నిద్రపోయినప్పుడు ఒక తీరు, మేలుకొన్నప్పుడు మరొక తీరు. రెండు నాడులూ పట్టువిడుపులతో పనిచేయటంవల్ల ఆరోగ్యవంతుడైన బిడ్డ గుండె గడియారంవలె ఒకే వేగంతో కొట్టుకోదు. క్షణక్షణం కొద్దిగా మారుతూ ఉంటుంది. ఈ మార్పే మంచి గుర్తు. ఏ మార్పూ లేని చదునైన లయను చూచి వైద్యులు ఆలోచనలో పడతారు. బిడ్డ గాఢనిద్రలో ఉండవచ్చు, తల్లి తీసికొన్న మందు ప్రభావం కావచ్చు, లేదా బిడ్డకు ప్రాణవాయువు చాలక మెదడు అలసిపోయి ఉండవచ్చు. ప్రాణవాయువు హఠాత్తుగా తగ్గినప్పుడు వేగస్ నాడి పగ్గం బిగించి గుండెను నెమ్మదింపజేస్తుంది. ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును పొదుపు చేసికొనే ఉపాయమిది. నెలలు నిండని బిడ్డలో ఈ పగ్గం ఇంకా పూర్తిగా బిగియలేదు. కనుక ఏడవ నెల బిడ్డ గుండె లయను తొమ్మిదవ నెల బిడ్డ కొలతతో కొలిస్తే పొరపాటు జరుగుతుంది.

1958లో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ బిడ్డ గుండెవేగాన్ని విద్యుత్ పరికరంతో ఎడతెగకుండా నమోదుచేసే పద్ధతిని వెల్లడించాడు. ఆ తరువాత అది ఆస్పత్రులలో వేగంగా వ్యాపించింది. యంత్రం వచ్చింది గనుక ఇక బిడ్డలెవరూ చనిపోరని ఆశపడ్డారు. 1985లో ప్రకటించిన డబ్లిన్ నగరపు పరిశీలనలో సుమారు 13,000 మంది తల్లులు పాల్గొన్నారు. కొందరికి యంత్రం పెట్టారు, కొందరికి నిర్ణీతకాలాలలో చెవితో విన్నారు. యంత్రం పెట్టినచోట పుట్టిన బిడ్డలలో మూర్ఛలు తక్కువయ్యాయి. మరణాలలో మాత్రం తేడా కనబడలేదు. యంత్రం గీసేది గీత మాత్రమే. ఆ గీత వెనుక ఏ నాడి లాగుతున్నదో, ఏ వయసు గుండె ఉన్నదో తెలిసినవారికే అది మాట్లాడుతుంది. మామూలు కాన్పులో కొమ్ముగొట్టం చెవికి ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టే నర్సు పనికి నేటికీ విలువ తగ్గకపోవటానికి కారణమిదే.

మరల మొదటికి

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చాడు. అట్లు మార్చేటప్పుడు నాడులన్నీ తెగిపోతాయి. అయినా క్రొత్త దేహంలో గుండె కొట్టుకొంటుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకొంటే, అమర్చిన గుండె 90 నుండి 110 సార్లు కొట్టుకొంటుంది. పగ్గం తెగింది గదా! ఆ మనిషి హఠాత్తుగా పరుగెత్తితే గుండె వెంటనే వేగం అందుకోలేదు. రక్తంలోకి అడ్రినలిన్ వచ్చి చేరేదాకా ఆగవలసిందే. ములుకోల కూడా లేదు మరి. నాడులు చేరని తొలివారాల పిండంలో గుండె ఏ స్థితిలో ఉండేదో, ఇంచుమించు ఆ స్థితికే అది తిరిగి వెళ్ళింది.

గుండె ముందా, నాడి ముందా అన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం స్పష్టమే. గుండే ముందు. నాడి తరువాత వచ్చి, గుండెకు ప్రాణం పోయలేదు. దేహంలోని ఇతర అవయవాల అవసరాలను దానికి తెలియజేసింది. నిద్రకు ఒక వేగం, పరుగుకు ఒక వేగం, ఆపదకు ఒక వేగం నేర్పింది. పాఠశాలలో ఎవరైనా విద్యార్థి మూడు రోజులు పొదిగిన గ్రుడ్డును దీపానికి అడ్డంగా పట్టి చూస్తే, కనబడే ఆ చుక్కకు ఇంకా ఈ పాఠాలేవీ రావు. అయినా అది కొట్టుకొంటూనే ఉంటుంది.